భాగం 7: కాంతి ఎలక్ట్రోడ్ల చరిత్ర – నానో నిర్మాణ అర్ధవాహకాల తయారీ

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• కాంతి ఎలక్ట్రోడ్ పనిచేసే విధానాన్ని వివరించగలుగుతారు.
• 1839 నుంచి నేటి వరకు ఈ రంగంలో వచ్చిన ముఖ్యమైన మలుపులను వరుసక్రమంలో చెప్పగలుగుతారు.
• నానో నిర్మాణం ఎందుకు అవసరమైందో కారణాలతో చర్చించగలుగుతారు.
• ప్రధానమైన తయారీ పద్ధతులను పోల్చగలుగుతారు.
• పరిశోధకులు ప్రకటించే అంకెలను పరీక్షించి చదవగలుగుతారు.

7.1 పరిచయం

సికింద్రాబాద్ నుంచి రాజీవ్ రహదారి మీద ఉత్తరానికి వెళితే అల్వాల్, హకీంపేట, తూముకుంట దాటిన తరువాత శామీర్‌పేట వస్తుంది. ఒకప్పుడు చెరువుకూ పొలాలకూ పేరు పొందిన ఈ ప్రాంతం ఇప్పుడు పరిశోధన సంస్థల ప్రాంతం. తుర్కపల్లి వైపు జీనోమ్ వ్యాలీ ఉంది. జవహర్‌నగర్‌లో 2008లో బిట్స్ పిలానీ హైదరాబాద్ ప్రాంగణం మొదలైంది. పడమర వైపు నాగపూర్ రహదారి మీద మేడ్చల్, దాని చుట్టూ పారిశ్రామికవాడలు, ఇంజనీరింగ్ కళాశాలలు ఉన్నాయి. 2016 అక్టోబరులో ఏర్పడిన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో ఇవన్నీ భాగాలు.

ఇదే రాజీవ్ రహదారి రామగుండం దాకా వెళుతుంది. రామగుండంలో యూరియా తయారవుతుంది. యూరియాకు అమోనియా కావాలి, అమోనియాకు హైడ్రోజన్ కావాలి. 1980లో ఉత్పత్తి ప్రారంభించిన అక్కడి పాత కర్మాగారం హైడ్రోజన్‌ను బొగ్గు నుంచి తీసేది. అది 1999లో మూతపడింది. 2021లో పనిలోకి వచ్చిన కొత్త కర్మాగారం సహజవాయువు నుంచి తీస్తోంది. అంటే మన రైతు పొలంలో చల్లే యూరియా బస్తా వెనుక ఒకప్పుడు బొగ్గు ఉండేది, ఇప్పుడు గ్యాస్ ఉంది. రెండింటిలోనూ హైడ్రోజన్‌తోపాటు కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అందులో కొంత యూరియా తయారీకే వాడతారు. అది కూడా పొలంలో యూరియా విడిపోయినప్పుడు గాలిలో కలుస్తుంది.

మూడో దారి లేదా? నీటిని సూర్యకాంతితో నేరుగా విడగొట్టి హైడ్రోజన్ తీయలేమా? ఈ ప్రశ్నకు జవాబుగా పుట్టినదే కాంతి ఎలక్ట్రోడ్. దాని చరిత్రను ఈ భాగంలో చదువుతారు. చదివేటప్పుడు ఒక విషయాన్ని గుర్తుంచుకోండి. కొత్త పదార్థాలను కనుగొన్నందువల్ల మాత్రమే ఈ రంగం ముందుకు సాగలేదు. తెలిసిన పదార్థాన్నే కొత్త ఆకారంలో తయారుచేయడం నేర్చుకున్నందువల్ల ఎక్కువగా సాగింది. ఆ ఆకారమే కొత్త చిక్కులను కూడా తెచ్చింది.

7.2 కాంతి ఎలక్ట్రోడ్ అంటే ఏమిటి?

అర్ధవాహకంలో ఎలక్ట్రాన్లు ఉండే వేలెన్సీ పట్టీకి, ఖాళీగా ఉండే వహన పట్టీకి మధ్య శక్తి అంతరం ఉంటుంది. ఆ అంతరం కంటే ఎక్కువ శక్తి గల కాంతి పడినప్పుడు ఎలక్ట్రాన్ పై పట్టీకి ఎగబాకుతుంది. అది వదిలిన ఖాళీనే హోల్ అంటారు. ఈ రెండూ మళ్లీ కలిసిపోతే, అంటే పునస్సంయోగం జరిగితే, కాంతి శక్తి వేడిగా వృథా అవుతుంది. కలవకుండా విడదీయగలిగితే పని చేయించుకోవచ్చు.

ఎన్-రకం అర్ధవాహకాన్ని నీటిలో ముంచినప్పుడు దాని ఉపరితలం దగ్గర ఒక విద్యుత్ క్షేత్రం ఏర్పడుతుంది. ఈ క్షేత్రం హోల్‌ను నీటి వైపు, ఎలక్ట్రాన్‌ను లోపలి వైపు నెడుతుంది. నీటిని చేరిన హోల్ ఆక్సిజన్‌ను విడుదల చేస్తుంది. ఎలక్ట్రాన్ తీగ గుండా ప్లాటినం వంటి కాథోడ్‌ను చేరి హైడ్రోజన్‌ను విడుదల చేస్తుంది. ఈ విధంగా పనిచేసే అర్ధవాహకాన్ని కాంతి ఆనోడ్ అంటారు. పి-రకం అర్ధవాహకం కాంతి కాథోడ్‌గా పనిచేస్తుంది.

నీటిని విడగొట్టడానికి సిద్ధాంతరీత్యా 1.23 వోల్టులు చాలు. వాస్తవంలో జరిగే నష్టాల వల్ల అంతకంటే ఎక్కువే కావాలి. అందువల్ల మంచి కాంతి ఎలక్ట్రోడ్‌కు మూడు గుణాలు ఉండాలి. ఒకటి, దృశ్య కాంతిని గ్రహించాలి. రెండు, దాని శక్తి పట్టీలు నీటి చర్యలకు సరిపడే స్థాయిలో ఉండాలి. మూడు, నీటిలో కరగకుండా, క్షయం చెందకుండా నిలవాలి. ఈ మూడూ ఒకే పదార్థంలో దొరకకపోవడమే ఈ చరిత్రను నడిపించిన ఇబ్బంది.

7.3 తొలి అడుగులు: 1839–1972

1839లో ఫ్రాన్సులో ఎడ్మండ్ బెక్వెరెల్ అనే 19 ఏళ్ల యువకుడు ఆమ్ల ద్రావణంలో సిల్వర్ లవణం పూసిన ప్లాటినం రేకులను ఉంచి, వాటిపై కాంతి పడినప్పుడు విద్యుత్తు పుట్టడాన్ని గమనించాడు. సౌర విద్యుత్తు చరిత్రను చాలామంది సిలికాన్‌తో మొదలుపెడతారు. కాని మొదటి పరిశీలన ద్రావణంలో, ఎలక్ట్రోడ్ మీద జరిగిందని మీరు గమనించాలి.

ఆ తరువాత శతాబ్దానికి పైగా ఈ పరిశీలనకు సరైన వివరణ లేదు. అర్ధవాహక సిద్ధాంతం వచ్చాకే అది సాధ్యమైంది. 1955లో బెల్ ప్రయోగశాలలో బ్రాటెయిన్, గారెట్‌లు జెర్మేనియం ఎలక్ట్రోడ్‌ను ద్రావణంలో అధ్యయనం చేశారు. ట్రాన్సిస్టర్ ఆవిష్కర్తలలో ఒకరైన బ్రాటెయిన్ ఈ రంగానికీ పునాది వేయడం ఆసక్తికరమైన విషయం. 1960లలో జర్మనీకి చెందిన గెరిషర్ అర్ధవాహక ఎలక్ట్రోడ్ల సిద్ధాంతాన్ని విస్తరించాడు.

అసలైన మలుపు జపాన్‌లో వచ్చింది. టోక్యో విశ్వవిద్యాలయంలో హోండా దగ్గర పరిశోధక విద్యార్థిగా ఉన్న ఫుజిషిమా టైటానియం డయాక్సైడ్ స్ఫటికం మీద కాంతి పడినప్పుడు నీటి నుంచి ఆక్సిజన్ వెలువడుతోందని, స్ఫటికం మాత్రం చెక్కుచెదరలేదని గుర్తించాడు. వీరిద్దరి పత్రం 1972లో నేచర్ పత్రికలో వెలువడింది. మరుసటి ఏడాదే చమురు సంక్షోభం వచ్చింది. దానితో ప్రపంచ దేశాల దృష్టి ఈ పత్రం మీద పడింది.

అయితే ఒక పరిమితి వెంటనే స్పష్టమైంది. టైటానియం డయాక్సైడ్ రూటైల్ రూపానికి శక్తి అంతరం 3.0 ఎలక్ట్రాన్ వోల్టులు. 1240ని శక్తి అంతరంతో భాగిస్తే పదార్థం గ్రహించగల గరిష్ఠ తరంగదైర్ఘ్యం నానోమీటర్లలో వస్తుంది. ఇక్కడ అది సుమారు 413. అంటే ఈ పదార్థం అతినీలలోహిత కాంతిని, ఊదా రంగు అంచును మాత్రమే గ్రహిస్తుంది. సూర్యకాంతి శక్తిలో ఈ వాటా సుమారు ఇరవయ్యో వంతు మాత్రమే. మిగిలినదంతా దానికి కనిపించని వెలుగే.

మీ ప్రగతిని పరిశీలించుకోండి – 1
అ) హోల్ అంటే ఏమిటి? కాంతి ఆనోడ్‌లో దాని పాత్ర ఏమిటి?
ఆ) శక్తి అంతరం 2.1 ఎలక్ట్రాన్ వోల్టులు ఉన్న పదార్థం ఏ తరంగదైర్ఘ్యం వరకు కాంతిని గ్రహిస్తుంది?

7.4 రెండు దూరాల సమస్య

దృశ్య కాంతిని గ్రహించే చౌక పదార్థం కోసం వెతికినవారికి మొదట తట్టినది తుప్పు. తుప్పుకు దగ్గరి బంధువైన హెమటైట్, అంటే ఫెర్రిక్ ఆక్సైడ్, శక్తి అంతరం సుమారు 2.1. ఇది 590 నానోమీటర్ల వరకు కాంతిని గ్రహిస్తుంది. విషం కాదు, క్షార జలంలో నిలకడగా ఉంటుంది, ఎర్రమట్టిలో ఉన్నంత సామాన్యమైనది. ఇన్ని సుగుణాలు ఉన్నా దశాబ్దాల పాటు హెమటైట్ పరిశోధకులను నిరాశపరిచింది. ఎందుకు?

ఇక్కడ రెండు దూరాలను పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిది కాంతి దూరం. 550 నానోమీటర్ల కాంతిని తగినంతగా గ్రహించాలంటే హెమటైట్ పొర మందం వంద నానోమీటర్లకు పైగా ఉండాలి. రెండోది హోల్ దూరం. హెమటైట్‌లో హోల్ పునస్సంయోగం చెందకముందు ప్రయాణించగలిగేది 2 నుంచి 4 నానోమీటర్లు మాత్రమే. పొర మందంగా ఉంటే హోల్ నీటిని చేరదు. పలచగా ఉంటే కాంతి నిలవదు.

ఒక పోలికతో దీన్ని అర్థం చేసుకోండి. ఒక పెద్ద కల్యాణ మండపానికి ఒకే ఒక్క తలుపు ఉంటే మధ్యలో కూర్చున్నవారు త్వరగా బయటికి రాలేరు. అంతే మందిని బడి గదుల వంటి ఇరుకైన వరుస గదులలో కూర్చోబెట్టి, ప్రతి గదికీ వరండా వైపు తలుపు పెడితే అందరూ రెండడుగుల్లో బయట ఉంటారు. కట్టడం పొడవు తగ్గలేదు, తలుపుకు దూరం మాత్రం తగ్గింది. నానో కడ్డీల వరుస ఇలాంటిదే. కాంతి కడ్డీ పొడవునా ప్రయాణిస్తుంది, హోల్ అడ్డంగా నాలుగు నానోమీటర్లు నడిచి పక్కనున్న నీటిని చేరుతుంది. కాంతి దారిని, హోల్ దారిని ఒకదానికొకటి లంబంగా మార్చడమే నానో నిర్మాణం చేసే పని.

7.5 నానో నిర్మాణాల కాలం: 1991 తరువాత

చిన్న కణాలతో కూడిన పొర విద్యుత్తును సరిగా మోయలేదని చాలాకాలం నమ్మేవారు. ఆ నమ్మకాన్ని 1991లో ఓరెగన్, గ్రెట్జెల్‌లు మార్చారు. స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో వీరు నానో కణాల టైటానియం డయాక్సైడ్ పొర మీద రంగు అణువులను అద్ది 7 శాతం దాటిన సామర్థ్యంతో సౌర ఘటాన్ని రూపొందించారు. పొర మందం సుమారు 10 మైక్రోమీటర్లు మాత్రమే అయినా, లోపలి రంధ్రాలన్నిటినీ కలిపితే ఉపరితలం పైకి కనిపించే వైశాల్యానికి కొన్ని వందల రెట్లు ఉంది. ఇది విద్యుత్తునిచ్చే ఘటమే గాని హైడ్రోజన్‌నిచ్చేది కాదు. అయినా నానో కణాల పొర ఎలక్ట్రోడ్‌గా పనికివస్తుందని ఇది నిరూపించింది.

ఆ తరువాత వరుసగా అనేక నిర్మాణాలు వచ్చాయి. 1999లో జ్విల్లింగ్ బృందం, 2001లో గ్రైమ్స్ బృందం టైటానియం రేకును ఫ్లోరైడ్ ద్రావణంలో ఆనోడీకరణం చేసి నానో గొట్టాల వరుసలను చూపించాయి. 2001లోనే వేసియెర్ బృందం కేవలం లవణ జలాన్ని వేడిచేసి, గాజు మీద నిటారుగా నిలిచిన ఐరన్ ఆక్సైడ్ నానో కడ్డీలను పెంచింది. 2006లో కే, సీజర్, గ్రెట్జెల్‌లు సిలికాన్‌తో మాదీకరణం చేసిన హెమటైట్‌ను కాలీఫ్లవర్ లాంటి కొమ్మల నిర్మాణంగా పెంచి, చదరపు సెంటీమీటరుకు 2.2 మిల్లీ ఆంపియర్లు సాధించారు. 2014లో కిమ్, చోయ్‌లు బిస్మత్ వెనడేట్‌ను సగటున 76 నానోమీటర్ల కణాలుగా తయారుచేశారు. ఆ పదార్థంలో హోల్ ప్రయాణించే దూరం కూడా సుమారు అంతే. కణం పరిమాణాన్ని హోల్ దూరానికి సరిపోయేలా ఎంచుకోవడం అప్పటికి ఒక సూత్రంగా స్థిరపడింది.

నానో నిర్మాణం ఉచితంగా వచ్చిన వరం కాదు. ఉపరితలం వందల రెట్లు పెరిగితే ఉపరితల లోపాలు కూడా అన్ని రెట్లు పెరుగుతాయి. ఆ లోపాల దగ్గర పునస్సంయోగం జరుగుతుంది. కణం మరీ చిన్నదైతే హోల్‌ను నెట్టే విద్యుత్ క్షేత్రానికి చోటు చాలదు. నీటికి తగిలే ఉపరితలం పెరగడం వల్ల క్షయం కూడా పెరగవచ్చు. అందుకే నేటి పరిశోధనలో చాలా భాగం నానో నిర్మాణం మీద పలచని రక్షణ పొరను, ఉత్ప్రేరక పొరను వేయడం మీద సాగుతోంది.

7.6 తయారీ పద్ధతులు

7.6.1 జలోష్ణ పద్ధతి
ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలో వాహక పూత గల గాజును నిలబెట్టి, మూసిన పాత్రలో సుమారు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద కొన్ని గంటలు ఉంచుతారు. గాజు మీద పసుపుపచ్చని ఆక్సీహైడ్రాక్సైడ్ సూదులు మొలుస్తాయి. 500 డిగ్రీల వద్ద కాలిస్తే అవి ఎర్రని హెమటైట్‌గా మారుతాయి. కాని మంచి కాంతి ప్రవాహం కోసం కొద్ది నిమిషాల పాటు 700–800 డిగ్రీలు అవసరమవుతుంది. అప్పుడు గాజుపై ఉన్న పూతలోని టిన్ హెమటైట్‌లోకి చేరి మాదీకరణం చేస్తుంది. అదే ఉష్ణోగ్రత వద్ద సాధారణ గాజు మెత్తబడి వంగుతుంది, పూత వాహకత్వం తగ్గుతుంది. ఒకే మంట మేలూ కీడూ రెండూ చేస్తుంది. కాల్చే సమయాన్ని నిర్ణయించడంలోనే పరిశోధకుని నేర్పు ఉంది.

7.6.2 ఆనోడీకరణం
టైటానియం రేకును ఆనోడ్‌గా ఉంచి, ఫ్లోరైడ్ ఉన్న ఇథిలీన్ గ్లైకాల్ ద్రావణంలో కొన్ని పదుల వోల్టులు ప్రయోగిస్తారు. ఒకవైపు ఆక్సైడ్ ఏర్పడుతుంటే, మరోవైపు ఫ్లోరైడ్ దాన్ని కరిగిస్తుంది. ఈ రెండింటి పోటీ వల్ల గొట్టాలు ఏర్పడతాయి. తయారైన గొట్టాలు అస్ఫటికంగా ఉంటాయి. సుమారు 450 డిగ్రీల వద్ద కాల్చితే అనటేజ్ స్ఫటికాలు వస్తాయి. ఫ్లోరైడ్ ద్రావణాలు చర్మానికీ ఎముకలకూ ప్రమాదకరం కనుక తగిన చేతి తొడుగులు, పొగగూడు లేకుండా ఈ ప్రయోగం చేయరాదు.

7.6.3 స్ప్రే, సాల్–జెల్ పద్ధతులు
లవణ ద్రావణాన్ని వేడి పలక మీద సన్నని తుంపరగా చల్లితే, ద్రావణి ఆవిరై ఆక్సైడ్ పొర మిగులుతుంది. దీన్ని స్ప్రే పైరాలిసిస్ అంటారు. ద్రావణాన్ని జెల్‌గా మార్చి పూతపూసి కాల్చడం సాల్–జెల్ పద్ధతి. రెండూ పెద్ద పలకలకు అనువైనవి, చౌకైనవి. కడ్డీలు, గొట్టాల వంటి క్రమబద్ధమైన వరుసలు మాత్రం వీటితో సులభంగా రావు.

ఒక వేడి పెట్టె, ఒక కొలిమి, ఒక స్థిర వోల్టేజీ సరఫరా ఉంటే ఈ పద్ధతులలో చాలావరకు మొదలుపెట్టవచ్చు. చిప్పుల తయారీకి కావలసినటువంటి శుభ్రగదులు అక్కరలేదు. మధ్యస్థ వనరులు గల విశ్వవిద్యాలయాలు కూడా ఈ రంగంలో పాల్గొనగలగడానికి ఇదొక కారణం.

7.7 తెలుగు నేల మీద పరిశోధన

హైదరాబాద్‌లో 1944లో సంస్థాన ప్రభుత్వం శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన కోసం కేంద్ర ప్రయోగశాలలను స్థాపించింది. అది 1956లో సీఎస్ఐఆర్ కిందికి వచ్చి ప్రాంతీయ పరిశోధన ప్రయోగశాలగా, 1989లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీగా మారింది. తార్నాకలోని ఈ సంస్థలో ఎం. సుబ్రహ్మణ్యం, వి. దుర్గాకుమారి బృందం టైటానియం డయాక్సైడ్‌ను జియోలైట్ల మీద నిలిపి, నీటిలోని ఫీనాల్ వంటి కాలుష్యాలను కాంతితో విచ్ఛిన్నం చేయడంపై 2000 దశకం తొలినాళ్లలో పత్రాలు ప్రచురించింది. తరువాత హైడ్రోజన్ ఉత్పత్తి వైపు కూడా సాగింది.

కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయం 2006లో ఏర్పడింది. అక్కడ ఎం. వి. శంకర్ ఆధ్వర్యంలో నానో ఉత్ప్రేరకాలు, సౌర ఇంధనాల ప్రయోగశాల రూపుదిద్దుకుంది. ఈ బృందం దుర్గాకుమారితో కలిసి 2013లో ప్రచురించిన పత్రం మన అంశానికి చాలా దగ్గరది. టైటానియం డయాక్సైడ్ మీద ఉంచిన కాపర్ ఆక్సైడ్ కణాల నానో పరిమాణం, సూర్యకాంతిలో హైడ్రోజన్ ఉత్పత్తిని ఎలా ప్రభావితం చేస్తుందో అందులో పరిశీలించారు. ఇది ఎలక్ట్రోడ్ కాదు, నీటిలో తేలే పొడి. పొడి పద్ధతిలో తీగలు ఉండవు. కాని హైడ్రోజన్, ఆక్సిజన్ ఒకే చోట వెలువడితే వేరుచేయడం కష్టం, ప్రమాదం కూడా. ఎలక్ట్రోడ్ పద్ధతిలో రెండు వాయువులూ వేర్వేరు చోట్ల వస్తాయి.

హైదరాబాద్ దక్షిణ శివారులో బాలాపూర్ వద్ద ఉన్న ఏఆర్‌సీఐ 1997లో మొదలైన పదార్థ పరిశోధన కేంద్రం. అక్కడి పి. హెచ్. బోర్సే తదితరులు 2012లో, లవణ ద్రావణాన్ని ప్లాస్మా మంటలోకి పంపి స్టెయిన్‌లెస్ స్టీలు పలకల మీద నానో నిర్మాణ జింక్ ఫెర్రైట్ పొరలను వేశారు. దీని శక్తి అంతరం సుమారు 1.9 కనుక దృశ్య కాంతి పనికివస్తుంది. పరిశ్రమలో యంత్ర భాగాలకు పూతలు వేసే సాంకేతికతనే కాంతి పదార్థాలకు వాడటం ఇందులోని విశేషం. శామీర్‌పేట వైపు బిట్స్ ప్రాంగణం, కంది వద్ద ఐఐటీ, రెండూ 2008లోనే మొదలయ్యాయి. అందువల్ల నగరం నాలుగు వైపులా పదార్థ పరిశోధనకు ఆధారం ఏర్పడింది.

మీ ప్రగతిని పరిశీలించుకోండి – 2
అ) నానో కడ్డీలలో కాంతి దారికి, హోల్ దారికి గల సంబంధం ఏమిటి?
ఆ) పొడి పద్ధతికి, ఎలక్ట్రోడ్ పద్ధతికి గల ముఖ్యమైన తేడా ఏమిటి?

7.8 అంకెలను చదివే పద్ధతి

ఈ రంగంలో వార్తలు చదివేటప్పుడు మూడు ప్రశ్నలు వేయండి.

మొదటిది, బయటి వోల్టేజీ ఇచ్చారా? ప్రామాణిక సూర్యకాంతి చదరపు సెంటీమీటరుకు 100 మిల్లీ వాట్లు. బయటి సహాయం లేకుండా 1 మిల్లీ ఆంపియర్ ప్రవాహం పూర్తిగా హైడ్రోజన్‌గా మారితే సామర్థ్యం 1.23 శాతం. ఈ లెక్కన 2006 నాటి హెమటైట్‌కు 2.7 శాతం అనిపిస్తుంది. అది పొరపాటు. ఆ ప్రవాహం బయటి నుంచి వోల్టేజీ ఇచ్చినప్పుడు వచ్చినది. ఇచ్చిన విద్యుత్తును తీసివేయకుండా సామర్థ్యం చెప్పరాదు.

రెండోది, ఎంతసేపు పనిచేసింది? 1998లో అమెరికాలో ఖసెలెవ్, టర్నర్‌లు గాలియం ఆధారిత రెండంచెల ఎలక్ట్రోడ్‌తో బయటి సహాయం లేకుండా 12.4 శాతం సాధించారు. అది నానో నిర్మాణం కాదు, ఖరీదైన స్ఫటికం. పనిచేస్తున్న కొద్దీ అది క్షయం చెందడమే అసలు సమస్య అయింది. సౌర ఫలకానికి 25 ఏళ్ల హామీ ఇస్తున్న కాలంలో గంటల లెక్క సరిపోదు.

మూడోది, దేనితో పోటీ? 20 శాతం సామర్థ్యం గల సౌర ఫలకాన్ని, 70 శాతం సామర్థ్యం గల విద్యుద్విశ్లేషణ యంత్రానికి కలిపితే మొత్తం 14 శాతం వస్తుంది. ఈ రెండూ ఇప్పటికే మార్కెట్‌లో ఉన్నాయి. 2023 జనవరిలో కేంద్రం ఆమోదించిన జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ 19,744 కోట్ల రూపాయలతో, 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల ఉత్పత్తిని లక్ష్యంగా పెట్టుకుంది. ఈ లక్ష్యానికి ఆధారం విద్యుద్విశ్లేషణ యంత్రాలే, కాంతి ఎలక్ట్రోడ్లు కావు. కాంతి ఎలక్ట్రోడ్ ఒకే పరికరంలో రెండు పనులూ చేసి ఖర్చు తగ్గించగలిగితేనే దానికి చోటు దొరుకుతుంది.

7.9 మన ప్రాంతానికి దీని ప్రాముఖ్యం

ఒక కిలో హైడ్రోజన్‌కు కనీసం 9 లీటర్ల శుద్ధ జలం కావాలి. మేడ్చల్, శామీర్‌పేటల వంటి ప్రాంతంలో ఈ నీరు ఎక్కడి నుంచి అన్న ప్రశ్న చిన్నది కాదు. దీన్ని ఇంకో వైపు నుంచి కూడా చూడవచ్చు. హోల్‌కు నీటినే ఆక్సీకరించాలన్న పట్టుదల లేదు. నీటిలోని రంగులు, ఫీనాల్, ఇతర కర్బన కాలుష్యాలను అది ఇంకా సులభంగా ఆక్సీకరిస్తుంది. ఒకవైపు కాలుష్యం తగ్గుతుంది, మరోవైపు కాథోడ్ వద్ద హైడ్రోజన్ వస్తుంది. పారిశ్రామికవాడలు, జవహర్‌నగర్ చెత్త కేంద్రం ఉన్న జిల్లాలో ఇది ఆలోచించదగిన విషయం.

ఇక్కడ కూడా జాగ్రత్త అవసరం. చెత్త నుంచి దిగే ద్రవం నల్లగా ఉంటుంది. కాంతి దాన్ని దాటి ఎలక్ట్రోడ్‌ను చేరదు. ముందుగా ఇతర పద్ధతులతో శుద్ధిచేసిన తరువాత, చివరి దశలోనే కాంతి ఎలక్ట్రోడ్‌ను ఉపయోగించగలం. ప్రయోగశాలలో బీకరులోని నీలిరంగు నీరు తేటపడటానికి, వాగులోని నీరు తేటపడటానికి మధ్య దూరం చాలా ఉంది. ఆ దూరాన్ని కొలిచి చెప్పగలిగేవారు ఈ ప్రాంతానికి కావాలి. మీలో కొందరు పరిశ్రమలలో, ప్రయోగశాలలలో ఉద్యోగం చేస్తూ ఈ పాఠం చదువుతూ ఉంటారు. నీటిని, వ్యర్థాన్ని, కొలిమిని రోజూ చూసే మీకు ఆ కొలత కొత్త విద్య కాదు.

7.10 సారాంశం

1839లో బెక్వెరెల్ పరిశీలనతో మొదలైన ఈ చరిత్ర 1972లో ఫుజిషిమా, హోండాల ప్రయోగంతో నీటి విచ్ఛేదనం వైపు తిరిగింది. కాంతి గ్రహణ దూరానికి, హోల్ ప్రయాణ దూరానికి మధ్య ఉన్న తేడా నానో నిర్మాణాలకు దారితీసింది. జలోష్ణ పద్ధతి, ఆనోడీకరణం, స్ప్రే, సాల్–జెల్ పద్ధతులు వీటి తయారీకి తోడ్పడ్డాయి. హైదరాబాద్, కడపలలోని సంస్థలు ఈ కృషిలో పాల్గొన్నాయి. యాభై ఏళ్లు దాటినా కాంతి ఎలక్ట్రోడ్ ఇంకా పరిశ్రమను చేరలేదు. దానికి ప్రధాన కారణాలు మన్నిక, ఖర్చు. రామగుండం బస్తా వెనుక సూర్యకాంతి ఉండే రోజు వస్తే అది ఏ దారిన వస్తుందో ఇంకా తేలవలసి ఉంది.

7.11 కీలక పదాలు

శక్తి అంతరం: వేలెన్సీ, వహన పట్టీల మధ్య ఉండే శక్తి భేదం.
పునస్సంయోగం: ఎలక్ట్రాన్, హోల్ తిరిగి కలిసిపోవడం.
మాదీకరణం: వాహకత్వం కోసం అర్ధవాహకంలో అతి స్వల్పంగా వేరొక మూలకాన్ని చేర్చడం.
ఆనోడీకరణం: లోహాన్ని ఆనోడ్‌గా ఉంచి దాని మీద ఆక్సైడ్‌ను పెంచడం.

7.12 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. కాంతి ఎలక్ట్రోడ్ల పరిణామాన్ని 1839 నుంచి 2014 వరకు వివరించండి.
2. హెమటైట్‌లోని రెండు దూరాల సమస్యను, నానో నిర్మాణం దాన్ని పరిష్కరించిన తీరును, తెచ్చిన కొత్త చిక్కులను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానం రాయండి.
1. హెమటైట్ నానో కడ్డీల తయారీలో కాల్చే ఉష్ణోగ్రత ప్రాముఖ్యం ఏమిటి?
2. ఒక పత్రిక "4 మిల్లీ ఆంపియర్లు సాధించారు, కనుక సామర్థ్యం 5 శాతం" అని రాసింది. ఈ వాక్యాన్ని అంగీకరించే ముందు మీరు ఏయే వివరాలు అడుగుతారు?
3. మీ ఊరికి దగ్గరలోని ఒక వ్యర్థజల వనరును ఎంచుకుని, కాంతి ఎలక్ట్రోడ్ దానికి పనికివస్తుందో లేదో కారణాలతో రాయండి.